లేజర్ మిషన్ వేడెక్కుతోందా? బకెట్టా, ఐసా, రేడియేటరా, వాటర్ చిల్లరా, మీ ఊరికి ఏది సరిపోతుందో చూద్దాం

పొద్దున ఏడింటికి 3 ఎంఎం యాక్రిలిక్ ఒక్క పాస్‌లో (లేజర్ ఒక్కసారి తిరిగితేనే) తెగింది, అదే ఫైలు, అదే స్పీడు, అదే పవరు, మధ్యాహ్నం రెండింటికి పెడితే సగం కూడా దిగట్లేదు. ఇంట్లో కె40 లాంటి చిన్న సీఓటూ లేజర్ పెట్టుకుని నేమ్ ప్లేట్లు, కేక్ టాపర్లు, గృహప్రవేశం రిటర్న్ గిఫ్టులు చేసుకునే వాళ్లందరికీ మార్చి దాటాక ఇది తెలిసిన కథే. నాది ఖమ్మం. మొదటి వేసవిలో నేను చేసిన పని ఏంటంటే తెగట్లేదు కదా అని కరెంట్ 12 మిల్లీ ఆంప్ నుంచి 18కి పెంచేశా, వారం రోజులు అలాగే లాగించా, ట్యూబు పోయింది. ట్యూబు అంటే లేజర్ పుట్టే గాజు గొట్టం, బకెట్లో నీళ్లు మోటర్‌తో దాని చుట్టూ తిప్పి చల్లబరుస్తాం. అప్పటికి బకెట్లో నీళ్లు 37 డిగ్రీలు ఉన్నాయని నాకు తెలీదు, ఎందుకంటే థర్మామీటర్ పెట్టలేదు. ఆ ట్యూబు డబ్బులు ఇంకొకళ్లకి పోకూడదనే ఇదంతా రాస్తున్నా.

చాలామంది "40 వాట్ల మిషన్‌కి ఏ కూలింగ్ కావాలి" అని అడుగుతారు. నన్నడిగితే మిషన్ కంటే ముందు మీ ఊరు చూడాలి. రామగుండంలో ఉన్నవాళ్లకి పనికొచ్చేది విశాఖలో పనికిరాదు, మే నెలలో బాగా పనిచేసింది ఆగస్టులో ట్యూబుని పాడుచేస్తుంది. ఎలాగో కింద చెప్తా.

ముందు అసలు వేడేనా కాదా తేల్చుకోండి

కూలింగ్ మీద డబ్బు పెట్టే ముందు ఒక పూట ఈ చెకింగ్ చేయండి. అక్వేరియం షాపులో పొడుగు వైరు ఉన్న చిన్న డిజిటల్ థర్మామీటర్లు దొరుకుతాయి, రెండు తెచ్చుకోండి. ఒకటి బకెట్లో, ఒకటి ట్యూబులోంచి తిరిగొచ్చే పైపు మూతి దగ్గర. ఇప్పుడు ఒక లీటరు సీసా తీసుకుని తిరిగొచ్చే పైపు కింద పెట్టి ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. 30 సెకన్లలోపు నిండితే నిమిషానికి 2 లీటర్లు వస్తున్నట్టు, అది చాలు. అంత ఫ్లో ఉంటే ఫుల్లుగా ఫైర్ అవుతున్నప్పుడు (అంటే లేజర్ ఆగకుండా వెలుగుతున్నప్పుడు) కూడా వెళ్లే నీళ్లకీ వచ్చే నీళ్లకీ తేడా 2 డిగ్రీల చుట్టూ ఉంటుంది. తేడా ఐదారు డిగ్రీలు వస్తుంటే మీ సమస్య చిల్లర్ (నీళ్లని చల్లబరిచే యంత్రం) లేకపోవడం కాదు, నీళ్ల మోటర్‌లో చెత్త పేరుకుంది, లేదా పైపు ఎక్కడో మడతపడింది, లేదా లోపల పాకుడు పట్టింది. అది కడిగితే చాలు.

నీళ్లు 22, 23 దగ్గరే ఉన్నా తెగట్లేదంటే లెన్సూ అద్దాలూ చూడండి. పొగ పట్టిన లెన్స్ బీమ్‌ని (లేజర్ కిరణాన్ని) తనే తాగేసి వేడెక్కుతుంది, తర్వాత పగులుతుంది. బయటికి కనిపించే లక్షణం మాత్రం ట్యూబు వేడెక్కినప్పటిలాగే ఉంటుంది. ఎంఏ (మిల్లీ ఆంప్) ముల్లు నిలకడగా లేకుండా ఊగుతుంటే పవర్ సప్లైనో, ట్యూబు అయిపోవచ్చిందో, హై వోల్టేజ్ ఎక్కడైనా స్పార్క్ కొడుతోందో. బీమ్ బాగానే ఉంది కానీ డిజైన్ మధ్యలో పక్కకి జరిగిపోతోందంటే వేడెక్కింది లేజర్ హెడ్‌ని జరిపే మోటర్ల డ్రైవర్, దానికి నీళ్లతో సంబంధం లేదు, బోర్డు దగ్గర చిన్న ఫ్యాన్ పెట్టండి.

వేడే అని నిర్ధారణ చేసుకోడానికి తేలిక మార్గం: మిషన్ అరగంట ఆపి, నీళ్లు చల్లటివి మార్చి, అదే ఫైలు అదే సెట్టింగ్‌లో మళ్లీ పెట్టండి. ఇప్పుడు తెగితే వేడే.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది ఎంత వేడి తీసేయాలి అన్నది. సీఓటూ గ్లాస్ ట్యూబు తీసుకునే కరెంట్లో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా మాత్రమే లేజర్‌గా బయటికొస్తుంది, మిగతాదంతా వేడే. కె40కి ఫుల్లుగా ఫైర్ అయ్యేటప్పుడు సుమారు 300 వాట్ల వేడి అనుకుని లెక్కలు వేసుకోండి. ఎన్‌గ్రేవింగ్‌లో (పైపైన చెక్కేటప్పుడు) బీమ్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి సగమే ఉండొచ్చు.

రెండోది నీళ్లు ఎంతలో ఉండాలి. 18 నుంచి 25 మధ్య ట్యూబు హాయిగా ఉంటుంది, 25 దాటిన దగ్గర్నుంచి పవర్ తగ్గడం మొదలవుతుంది, 30 దాటాక మీరు ట్యూబు ఆయుష్షు తింటున్నట్టే.

మూడోది, ఎవరూ పట్టించుకోనిది, గాలిలో తేమ. ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకి చెమట పట్టినట్టే చల్లటి ట్యూబుకీ పడుతుంది. అక్కడ ఉన్నది పదిహేను ఇరవై వేల వోల్ట్‌లు. ఆ చెమట మీదుగా కరెంట్ పాకి స్పార్క్ కొడితే ట్యూబూ పోతుంది, పవర్ సప్లై కూడా పోతుంది. బీమ్ బయటికొచ్చే కొస మీద తడి చేరితే ఆ అద్దం కాలిపోతుంది. లెక్క ప్రకారం చూస్తే విశాఖలో 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న రోజు 27 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేనికైనా చెమట పడుతుంది. అదే హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు, 20 శాతం తేమ అయితే ఆ హద్దు 13 దగ్గర ఉంటుంది, అంటే 20లో నిశ్చింతగా నడపొచ్చు. మళ్లీ అదే హైదరాబాద్ జులై ముసురులో 29 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే హద్దు 24కి ఎక్కి కూర్చుంటుంది. ఆ హద్దే ఫోన్ వెదర్ యాప్‌లో డ్యూ పాయింట్ అని ఉంటుంది చూడండి, మీ నీళ్లు దానికంటే ఒకటి రెండు డిగ్రీలు పైన ఉండాలి.

ఇక నాలుగోది రోజుకి ఎన్ని గంటలు నడుపుతారు, ఎంత పెట్టగలరు. అది మీకే తెలుసు.

ఉత్త బకెట్, కూలర్ మోటర్

మిషన్‌తో పాటు వచ్చేది ఇదే. 20 లీటర్ల బకెట్ తీసుకుంటే 300 వాట్లకి దాదాపు నాలుగున్నర నిమిషాలకి ఒక డిగ్రీ పెరుగుతుంది, గంటకి 13 డిగ్రీలు. డిసెంబర్‌లో నీళ్లు 20 దగ్గర మొదలైతే ఆగకుండా ఇరవై, పాతిక నిమిషాలు కట్ చేయొచ్చు, ఎన్‌గ్రేవింగ్ అయితే ఇంకో అరగంట. 50 లీటర్ల డ్రమ్ము పెడితే ఆ టైము రెండున్నర రెట్లవుతుంది, చలికాలంలో ఇంతకంటే చవకైన మంచి పద్ధతి ఇంకోటి లేదు. ఎండాకాలం మాత్రం బకెట్లో నీళ్లు మొదలెట్టేసరికే 34, 35 ఉంటాయి కాబట్టి ఇది పనికిరాదు, ఎంత పెద్ద డ్రమ్ము పెట్టినా అంతే.

బకెట్ వాడేవాళ్లు ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి, మోటర్ ఆన్‌లో ఉండగా ఆ నీళ్లలో చెయ్యి పెట్టొద్దు. మన ఇళ్లలో మూడో పిన్ను ఉంటుంది కానీ దాని వెనక ఎర్తింగ్ ఉందో లేదో చాలాసార్లు ఎవరికీ తెలీదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చెక్ చేయించండి, లేజర్ మిషన్‌కి అది ప్రాణాలకి సంబంధించిన విషయం.

బకెట్‌లో ఐసు సీసాలు

అందరూ చేసేది ఇదే, లెక్క తెలిసి చేస్తే మంచి పద్ధతే. లీటరు సీసా గడ్డకట్టించి వేస్తే 20 లీటర్ల నీళ్లు సుమారు 5 డిగ్రీలు దిగుతాయి. అంటే మే నెలలో 35 నుంచి 20కి దించడానికే మూడు సీసాలు కావాలి, ఆ తర్వాత ఆగకుండా కట్ చేస్తుంటే ఇరవై నిమిషాలకి ఒకటి చొప్పున. మామూలు సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన నాలుగైదు సీసాలు పడతాయి, అవి మళ్లీ గట్టిపడాలంటే రాత్రంతా పడుతుంది. కాబట్టి ఐసు మీద ఆధారపడితే ఎండాకాలంలో మీకు రోజుకి దొరికేది గట్టిగా గంట పని, ఎన్‌గ్రేవింగ్ అయితే రెండు గంటలు.

బకెట్ బదులు చేపల మార్కెట్‌లో వాడే థర్మాకోల్ పెట్టె తీసుకోండి, బయటి వేడి లోపలికి రాదు, సీసాలు చాలాసేపు ఆగుతాయి. ఐసు ముక్కలు నేరుగా నీళ్లలో వేయొద్దు, అది కుళాయి నీటి ఐసు, నీళ్లలో ఉప్పులు పెరుగుతాయి. వేడెక్కి ఉన్న ట్యూబులోకి ఒక్కసారిగా మూడు సీసాల చల్లదనం పంపొద్దు, గాజు పగులుతుంది. మిషన్ ఆఫ్‌లో ఉండగా ఒక్కొక్కటీ వేసుకుంటూ నీళ్లు తిప్పండి. తీర ప్రాంతంలో అయితే థర్మామీటర్ చూడకుండా ఐసు వేయడం అంటే ట్యూబుకి చెమట పట్టించడమే.

రేడియేటర్ రకం (సిడబ్ల్యూ-3000 లాంటివి)

దీన్ని చిల్లర్ అని అమ్ముతారు, అందుకే ఎక్కువమంది డబ్బులు ఇక్కడే పోతాయి. లోపల కంప్రెసర్ ఉండదు. ట్యాంకు, మోటరు, రేడియేటరు, ఫ్యాను, అంతే. దీని మీద రాసి ఉండే 50 వాట్లు పర్ డిగ్రీ అన్న దానికి అర్థం ఏంటంటే, నీళ్లు గదికంటే ఒక డిగ్రీ వేడిగా ఉంటే 50 వాట్లు బయటికి పంపుతుంది. మన 300 వాట్లకి నీళ్లు గదికంటే 6 డిగ్రీలు పైన ఉండాలి. గది 38 అయితే నీళ్లు 44. ఇందులో తప్పు వస్తువుది కాదు, చల్లటి దేశాల్లో గది 18 ఉంటే నీళ్లు 24లో ఉంటాయి, వాళ్లకి అది బ్రహ్మాండం. మనకి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, లేదా రోజంతా ఏసీ నడిచే గదిలో తక్కువ పవర్ ఎన్‌గ్రేవింగ్‌కి తప్ప పనికిరాదు. కారు రేడియేటర్, కంప్యూటర్ రేడియేటర్ తెచ్చి సొంతంగా చేసుకునేదానికీ ఇదే లెక్క, గదికంటే చల్లగా అది ఎప్పటికీ చేయలేదు. దీనికి ఉన్న ఒక్క సుగుణం ఏంటంటే గదికంటే చల్లబడదు కాబట్టి చెమట భయం ఉండదు.

పెల్టియర్ ప్లేట్లతో (కరెంట్ ఇస్తే ఒకవైపు చల్లబడి ఇంకోవైపు వేడెక్కేవి) చేస్తాం అనేవాళ్లకి కూడా ఇక్కడే చెప్పేస్తా. చవగ్గా దొరికే 12706 ప్లేటు ఒకటి రెండు వైపులా తేడా లేనప్పుడు 60 వాట్ల దాకా లాగుతుంది, తేడా పెరిగేకొద్దీ పడిపోతుంది, 300 వాట్లకి డజను ప్లేట్లూ వాటికి పెద్ద పవర్ సప్లై, వాటి వేడి తీయడానికి ఇంకో రేడియేటరూ కావాలి. వద్దు.

ఎయిర్ కూలర్ తొట్టి

ఇది మన తెలంగాణ, రాయలసీమ వాళ్లకి మాత్రమే, అదీ పొడి ఎండలకే. పెద్ద డెజర్ట్ కూలర్ నడుస్తున్నప్పుడు దాని తొట్టిలో నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో అందరికీ తెలుసు. 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలిలో ఆవిరితో నీళ్లు 23 దగ్గరదాకా దిగగలవు, తొట్టిలో నిజంగా 25, 26 వస్తే అదే మనకి చాలు. ఆ తొట్టి నీళ్లు ట్యూబులోకి పంపకూడదు, దుమ్మూ ఉప్పూ అంతా అందులోనే ఉంటుంది. ఏసీ మెకానిక్‌ల దగ్గర దొరికే రాగి పైపు ఐదారు మీటర్లు చుట్టగా చుట్టి తొట్టిలో ముంచి, ట్యూబు నీళ్లు ఆ చుట్టలోంచి తిప్పితే సరి. ప్లాస్టిక్ పైపు చుట్టి ముంచితే వేడి అంతగా దాటదు, రాగే కావాలి. కూలర్‌ని వరండాలో పెట్టండి, మిషన్ ఉన్న గదిలో పెడితే తేమ అంతా ట్యూబు చుట్టూ చేరుతుంది. జూన్‌లో వానలు మొదలైతే దీని పని అయిపోయినట్టే, కోస్తాలో అయితే మొదలే పెట్టొద్దు. ఖర్చు తక్కువ, ఇంట్లో కూలర్ ఎలాగూ ఉంటుంది, రెండో వేసవి నేను ఇలాగే గట్టెక్కాను.

కంప్రెసర్ చిల్లర్ (సిడబ్ల్యూ-5000, 5200)

ఇది నిజమైన చిల్లర్, ఫ్రిజ్‌లాగే పనిచేస్తుంది. 5000 మోడల్ 750, 800 వాట్ల దాకా వేడి లాగుతుంది, కె40కి రెండింతలకి పైనే. 5200 దాదాపు 1400 వాట్లు, తర్వాత పెద్ద మిషన్ కొనే ఆలోచన ఉంటే తప్ప అవసరం లేదు.

కొన్నవాళ్లు కూడా "చిల్లర్ పెట్టినా వేడెక్కుతోంది" అంటుంటారు, అందులో చాలాసార్లు కారణం ఒక సెట్టింగ్. ఇవి సాధారణంగా ఇంటెలిజెంట్ మోడ్‌లో వస్తాయి, అంటే నీళ్లని గదికంటే 2 డిగ్రీలు తక్కువలో ఉంచుతుంది. గది వేడెక్కితే నీళ్లు కూడా వేడెక్కుతాయి! చెమట పట్టకుండా ఉండాలని అలా పెట్టారు, మన ఎండాకాలానికి అది కుదరదు. మాన్యువల్ చూసి కాన్‌స్టాంట్ మోడ్‌కి మార్చి 20, 22 పెట్టుకోండి. వానాకాలంలో మళ్లీ డ్యూ పాయింట్ చూసి 25కి పెంచుకోండి. ఇ1 అని అలారం కొడితే చిల్లర్ ఉన్న చోటు మరీ వేడిగా ఉందని, గోడకి అతికించి పెట్టకుండా అన్ని వైపులా గాలాడే చోట, నీడలో పెట్టండి, వెనక జాలీ దుమ్ము వారానికోసారి దులపండి. ఇ2 అంటే నీళ్లే వేడెక్కాయని.

దీని చిక్కు ఏంటంటే ధర కొన్నిసార్లు మిషన్ ధరతో పోటీపడుతుంది, చప్పుడు చేస్తుంది, గదిలోకి వేడి వదుల్తుంది. చిన్న గది అయితే చిల్లర్ బాల్కనీలో పెట్టి పైపులు గోడలోంచి తీసుకోండి.

ఒక చూపులో

| పద్ధతి | నీళ్లు ఎంతకి దిగుతాయి | మే నెల ఖమ్మం | ఆగస్టు విశాఖ | ఏకధాటి పని |
|---|---|---|---|---|
| ఉత్త బకెట్ | గది వేడి దగ్గర మొదలై పెరుగుతుంది | వద్దు | చిన్న పనులకి | 20 నిమిషాలు, చలికాలంలో |
| బకెట్, ఐసు | ఎంతకైనా, సీసాలున్నంతసేపు | గంట, రెండు గంటలు | థర్మామీటర్ చూస్తూ | సీసాల లెక్కే |
| రేడియేటర్ | గదికంటే 6 పైన | వద్దు | వద్దు | చలికాలంలో రోజంతా |
| కూలర్ తొట్టి | 25, 26 | బాగుంటుంది | వద్దు | మధ్యాహ్నమంతా |
| కంప్రెసర్ చిల్లర్ | మీరు పెట్టినంత | బాగుంటుంది | ఏసీ ఉంటేనే పూర్తి లాభం | రోజంతా |

మరి ఎవరికి ఏది

వారానికి రెండు మూడు పీసులు చేసుకునే సరదా వాళ్లయితే థర్మాకోల్ పెట్టె, ఐదు సీసాలు, రెండు థర్మామీటర్లు, అక్కడితో ఆగండి. ఎండాకాలం పొద్దున ఐదు నుంచి ఎనిమిది మధ్య చేసుకుంటే ఐసు కూడా సగమే పడుతుంది.

ఆర్డర్లు తీసుకుని నెలనెలా కొంత సంపాదిస్తున్నవాళ్లు, హైదరాబాద్, వరంగల్, కర్నూలు వైపు ఉంటే, ఈ ఏడాది కూలర్ తొట్టితో గడిపి ఆ మిగిలిన డబ్బుతో వచ్చే ఏడాది చిల్లర్ కొనండి. మధ్యలో రేడియేటర్ రకం కొని మళ్లీ చిల్లర్ కొంటే రెండుసార్లు ఖర్చు. పెళ్లిళ్ల సీజన్లో రోజుకి ఆరేడు గంటలు నడిపేవాళ్లకి ఆలోచించాల్సింది ఏమీ లేదు, చిల్లరే.

కోస్తాలో ఉన్నవాళ్లది కష్టమైన పరిస్థితి, అది దాచను. విశాఖ, కాకినాడలో చిల్లర్ ఒక్కటే కొంటే దాన్ని 28 కంటే కింద పెట్టలేని రోజులు చాలా ఉంటాయి, 28 పెడితే పవర్ తక్కువ. అందుకని మీరు ముందు కొనాల్సింది ఏసీ. గది 26కి, తేమ 50 శాతానికి వస్తే చెమట హద్దు 15కి పడిపోతుంది, అప్పుడు చిల్లర్ 20లో పెట్టినా, బకెట్‌లో ఐసు వేసినా భయం లేదు. కాకపోతే లేజర్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ చల్లగాలిని బయటికి తోసి బయటి తడిగాలిని లోపలికి లాగుతూ ఉంటుంది, కాబట్టి ఏసీ అరగంట ముందే వేసి, ఎగ్జాస్ట్ కటింగ్ జరిగేటప్పుడూ ఆ తర్వాత పొగ పోయేదాకా మాత్రమే నడపండి. ఏసీ కుదరకపోతే నీళ్లు 28లో ఉంచి కరెంట్ 10 ఎంఏ దాటకుండా రెండు పాసులు వేసుకోండి, టైము పడుతుంది కానీ ట్యూబు బతుకుతుంది.

నీలం డయోడ్ లేజర్ ఉన్నవాళ్లకి ఈ నీళ్ల గొడవ లేదు. హెడ్‌లో ఉన్న ఫ్యానూ హీట్ సింకూ శుభ్రంగా ఉంచుకుని, 35 దాటిన గదిలో గంటల తరబడి ఫుల్ పవర్‌లో పెట్టకుండా ఉంటే చాలు. ఆ ఫ్యాన్‌లో ఎండీఎఫ్ (చెక్క పొడితో చేసిన పలక) పొగ జిగురులా పట్టేస్తుంది, అదే దాని వేడికి మొదటి కారణం.

ఏది కొన్నా ఇవి మాత్రం తప్పవు

నీళ్లు డిస్టిల్డ్ వాటరే, బ్యాటరీ షాపులో బ్యాటరీ వాటర్ అని అడిగితే ఇస్తారు. బోరు నీళ్లు పోస్తే రెండు నెలల్లో ట్యూబు లోపల తెల్లటి పొర కడుతుంది, పైగా ఉప్పు నీళ్లు కరెంట్‌ని మోసుకెళ్తాయి. పెట్టెకి మూత ఉండాలి, వెలుతురు తగిలితే పాకుడు పడుతుంది. నీళ్లు ఆన్ చేశాక ట్యూబు వైపు చూడండి, లోపల బుడగ ఏదైనా నిలబడి ఉంటే అక్కడ గాజు చల్లబడదు, పగిలేది అక్కడే. నీళ్లు బయటికొచ్చే మూతి పైకి ఉండేలా ట్యూబు తిప్పి పెట్టుకుంటే బుడగలు వాటంతటవే పోతాయి. ఆ తిప్పడం మాత్రం మిషన్ ప్లగ్ తీసేసి, చాలాసేపు ఆగాకే చేయండి, హై వోల్టేజ్ వైరు వైపు చెయ్యి పోనివ్వకుండా.

ఇంకోటి ఫ్లో స్విచ్. నీళ్లు ఆగితే లేజర్ ఆగిపోయేలా పవర్ సప్లైలో వాటర్ ప్రొటెక్ట్ అనే టెర్మినల్ ఉంటుంది, చాలా కె40ల్లో దాన్ని ఉత్త వైరుతో కలిపేసి ఉంచుతారు. ఆ వైరు తీసి ఫ్లో స్విచ్ కలిపించండి, చిల్లర్ ఉంటే దాని అలారం వైర్లు కూడా అక్కడికే వస్తాయి. పెట్టించిన రోజే, తర్వాత నెలకోసారి, తక్కువ పవర్‌లో పాత చెక్క ముక్క మీద బీమ్ వెలిగించి నీళ్ల మోటర్ ప్లగ్ లాగి చూడండి. రెండు సెకన్లలో బీమ్ ఆగకపోతే ఆ రోజు ఏ ఆర్డరూ మొదలెట్టొద్దు.